పొట్ట చిన్నదైంది.. యావ తగ్గలేదు!

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నా. 38 కిలోలు దిగాయి. ఇక కూల్‌డ్రింక్ అనే మాటే నా జీవితంలో ఉండదనుకున్నా. ఉద్యోగం పోయిన మూడో వారానికే సీసా మూత తిప్పేశాను. తర్వాత ఏమైందో, ఎలా బయటపడ్డానో ఇక్కడ చెబుతున్నా. మీకు ఏ ఆపరేషనూ జరగకపోయినా చదవండి. ఉద్యోగ వేటలో ఉన్నవారికి ఇందులో పనికొచ్చేది చాలానే ఉంది.

రాత్రి పదకొండు దాటింది. ఫోన్‌లో మెయిల్ మోగింది. మూడు రౌండ్లు పూర్తిచేసిన కంపెనీ నుంచి. 'మీ ప్రొఫైల్ బాగుంది. కానీ ఈసారి మరొకరిని ఎంచుకున్నాం' అని నాలుగు ముక్కలు. చదివాను. ల్యాప్‌టాప్ మూశాను. చెప్పులేసుకుని మెట్లు దిగాను. వీధి చివర కొట్టు షట్టరు అప్పటికే సగం దించేశారు. వంగి, "అన్నా, ఒక చిన్న కూల్‌డ్రింక్" అన్నాను.

అప్పటికి నాకు స్లీవ్ సర్జరీ జరిగి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో చుక్క ముట్టలేదు.

గదికొచ్చి గ్లాసులో పోసి చెంచాతో గిరగిరా తిప్పాను. నురగ పొంగి, అణిగి, బుడగలన్నీ పోయేదాకా. 'డాక్టర్ గారు వద్దన్నది గ్యాస్ ఉన్న డ్రింక్. ఇందులో గ్యాస్ లేదుగా' అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నా. అరగంటలో గ్లాసు ఖాళీ. కడుపు నొప్పి రాలేదు. వాంతి కాలేదు. చిక్కంతా అక్కడే మొదలైంది. ఏమీ కాలేదు కాబట్టి, మర్నాడు రాత్రి మళ్లీ మెట్లు దిగాను.

అమీర్‌పేటలో అంటుకున్న అలవాటు

మాది తెనాలి. నాన్నకు కిరాణా కొట్టు ఉంది. కొట్టు ముందు అద్దాల తలుపు ఫ్రిజ్, దాని నిండా రంగురంగుల సీసాలు. అయినా చిన్నప్పుడు నాకు అదంత పెద్ద విషయం కాదు. ఎండాకాలం బండి మీద వచ్చే గోలీసోడా అంటేనే సంబరం. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కితే వచ్చే ఆ 'కీచు' చప్పుడు కోసమే తాగేవాళ్లం. ఆ సీసా మన ఊళ్లలో పుట్టింది కాదని, 1872లో హిరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీర్ దానికి పేటెంట్ తీసుకున్నాడని బీటెక్‌లో ఉన్నప్పుడు తెలిసింది. గోలీని పైకి తన్నిపెట్టి ఉంచేది లోపలి గ్యాస్ ఒత్తిడే. మూత కూడా అక్కర్లేని డిజైన్ అన్నమాట.

2018లో బీటెక్ అయింది. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అందరిలాగే బ్యాగు సర్దుకుని అమీర్‌పేట చేరాను. పగలంతా మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్, రాత్రంతా హాస్టల్ గదిలో ప్రాక్టీస్. నలుగురం కలిసి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ తెచ్చుకునేవాళ్లం. కోడ్ రన్ అయితే ఒక గ్లాసు. రన్ కాకపోతే ఇంకో గ్లాసు. ఇంటర్వ్యూకు పిలుపు వస్తే పార్టీ, రాకపోతే ఓదార్పు. రెండింటికీ అదే సీసా. మిగతా ముగ్గురికీ ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయాక కూడా నేను సీసా సైజు తగ్గించలేదు. రోజుకు లీటరు ఒక్కడినే తాగేవాడిని.

సీసా వెనక ఉండే చిన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? మామూలు కోలా డ్రింకుల్లో 100 మి.లీ.కు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. లీటరు అంటే 100 గ్రాముల పైమాటే. చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన పాతిక చెంచాలు. మన టీలో ఎవరైనా పాతిక చెంచాల పంచదార వేస్తే ఊరుకుంటామా? చల్లగా, గ్యాస్‌తో, కాస్త పులుపుతో కలిపి ఇస్తే మాత్రం తెలియకుండా మింగేస్తాం.

పద్నాలుగు నెలలకు నాకూ ఉద్యోగం వచ్చింది. అప్పటికి తోడైన కిలోలు నాతోనే ఆఫీసుకొచ్చాయి. కుర్చీ ఉద్యోగం మిగతాది చూసుకుంది. 26 ఏళ్లకు నా బరువు 124 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు. బీఎంఐ 43కు దగ్గర. గురక ఎంతలా ఉండేదంటే నిద్రలో ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడి లేచేవాడిని. షుగర్ హద్దు మీద ఉంది. డైటింగ్‌లు, జిమ్ సభ్యత్వాలు అన్నీ అయ్యాకే డాక్టర్ గారు సర్జరీ మాట ఎత్తారు. ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్ కాదని, జీవితాంతం పాటించాల్సిన పద్ధతులు ఉంటాయని ముందే చెప్పారు. వాటిలో మొదటి వరుసలో ఉన్నది కూల్‌డ్రింక్ మానడం.

సర్జరీకి ముందే మానేశాను. తొలి మూడు రోజులు తలనొప్పి చంపేసింది. ఏదో జబ్బు అనుకుని భయపడ్డా. కోలాలో కెఫిన్ ఉంటుంది కదా, రోజూ తీసుకునేది ఒక్కసారి ఆపేస్తే తలనొప్పి, చిరాకు, మత్తు రావడం మామూలేనట. కొద్ది రోజుల్లో పోతుంది. నాకూ వారంలో పోయింది. 'హమ్మయ్య, వదిలింది' అనుకున్నా. వదిలింది కెఫిన్ ఒక్కటే అని అప్పట్లో తెలీదు.

ఆపరేషన్ ఏం చేస్తుంది? ఏం చేయదు?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100 నుంచి 150 మి.లీ. మన టీ కొట్టు గ్లాసుడో, ఇంకాస్త ఎక్కువో. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది పొట్ట పైభాగంలోనే. ఆ భాగం కూడా పోతుంది కాబట్టి ఆకలి బాగా తగ్గుతుంది. తొలి వారాలు పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే మామూలు తిండి. రెండో ఇడ్లీ సగంలో ఉండగానే ఇక చాలనిపిస్తుంది.

మరి అంత చిన్న పొట్టలో గ్యాస్ డ్రింక్ పోస్తే? ఇంటర్‌లో చదివిన హెన్రీ నియమం గుర్తు తెచ్చుకోండి. ఒత్తిడి పెంచితే ద్రవంలో ఎక్కువ వాయువు కరుగుతుంది, ఒత్తిడి తీసేస్తే బయటకొచ్చేస్తుంది. లీటరు కూల్‌డ్రింక్‌లో మూడు నుంచి నాలుగు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ అలా అణిచిపెట్టి ఉంటుంది. సీసా మూత తీశాక కొంత పోతుంది. మిగతాది పొట్టలోకి వెళ్లాక విడుదలవుతుంది. టీ గ్లాసంత పొట్టలో ఉబ్బరం, నొప్పి, ఛాతీలోకి ఎగదన్నే మంట రాక ఏం చేస్తాయి? స్లీవ్ అయినవారిలో పొట్టలోని ఆమ్లం పైకి తన్నడం అసలే ఎక్కువ.

గ్యాస్ వల్ల కుట్టిన పొట్ట సాగిపోయి మళ్లీ పాతంత అవుతుందని చాలామంది భయపెడతారు. దానికి గట్టి రుజువులు లేవని మా డాక్టర్ గారే చెప్పారు. ఆయన భయం వేరు. ఘన పదార్థానికి అడ్డుపడే ఈ చిన్న పొట్ట, తియ్యటి నీళ్లకు అడ్డుపడదు. రెండో ఇడ్లీ దగ్గర ఆపే పొట్టే, చప్పరిస్తూ తాగితే అర లీటరు కూల్‌డ్రింక్‌ను జారవిడుస్తుంది. కడుపు నిండినట్టు ఉండదు, కేలరీలు మాత్రం లోపలికి పోతాయి. గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవారికైతే ఇంకో బాధ. అంత చక్కెర ఒక్కసారిగా చిన్న పేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. స్లీవ్‌లోనూ కొందరికి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆకలి వేరు, యావ వేరు. ఆపరేషన్ తగ్గించేది ఆకలిని. రాత్రి పదకొండుకు, మనసు బాగోలేనప్పుడు, చేయి సీసా కోసం వెతకడం ఆకలి కాదు. దాన్ని ఏ సర్జనూ కోసి తీయలేడు.

ప్యాచ్ మీద ప్యాచ్

ఎనిమిదో నెలలో మా ఆఫీసులో టీమ్‌నే ఎత్తేశారు. మళ్లీ రెజ్యూమె, మళ్లీ జాబ్ పోర్టళ్లు, మళ్లీ అర్ధరాత్రి ప్రాక్టీస్. ఆరేళ్ల కిందటి అమీర్‌పేట గది మళ్లీ నా చుట్టూ వచ్చి కూర్చుంది. గదితోపాటు దాహమూ తిరిగొచ్చింది.

నా మొదటి ప్యాచ్ మీకు చెప్పేశా. గ్యాస్ పోగొట్టి తాగడం. 250 మి.లీ. సీసాలో 26 గ్రాముల చక్కెర. పెద్దవాళ్లు రోజు మొత్తంలో అదనంగా తీసుకునే చక్కెర పాతిక గ్రాములకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న సీసాతో ఆ రోజు కోటా చెల్లు. నెల తిరిగేసరికి చిన్న సీసా కాస్తా అర లీటరైంది. దాని పక్కన చిప్స్ ప్యాకెట్ కూడా చేరింది. మూడు నెలల్లో 86 నుంచి 91కి పెరిగాను. లెక్క వేసి చూసుకుంటే అందులో సగం వాటా కూల్‌డ్రింక్‌దే.

భయమేసి రెండో ప్యాచ్ వేశాను. చక్కెర లేని 'జీరో' రకం. కేలరీలు లేవు, ఇక దిగులే లేదనుకున్నా. కానీ అందులోనూ గ్యాస్ ఉంది, పులుపు ఉంది, కెఫిన్ ఉంది. మూడో రాత్రికి గుండెల్లో మంట, తెల్లవారుజాము దాకా నిద్ర లేదు. పైగా నాలుక తీపిని మరిచిపోవడానికి అవకాశమే ఇవ్వలేదు. బరువు అదుపు కోసం ఇలాంటి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది కూడా. అన్నిటికంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. మెయిల్ చూడటం, మెట్లు దిగడం, సీసా తేవడం.. ఈ తంతు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. సీసాలో సరుకు మార్చానంతే. జీరో దొరకని రోజు మామూలుదే తెచ్చుకునేవాడిని.

కోడ్ రాసేవాళ్లకు తెలుసు. బగ్ ఎక్కడుందో చూడకుండా వేసే ప్యాచ్ వారం కూడా ఆగదు.

"ఎందుకు అని అడగను.. ఎప్పుడు?"

రివ్యూకి వెళ్లాలంటే భయం. రెండుసార్లు వాయిదా వేశాను. మూడోసారి వెళ్లి తూకం యంత్రం ఎక్కి, తల దించుకుని నిలబడ్డాను. తిడతారనుకున్నా. డైటీషియన్ మేడమ్ అంకె రాసుకుని, "ఏదైనా తాగుతున్నారా?" అన్నారు. చెప్పేశాను. గ్యాస్ తీసి తాగుతున్న సంగతి కూడా. ఆవిడ నవ్వేశారు. "ఆ ఉపాయం మీ ఒక్కరిదే కాదులెండి" అన్నారు. ఆ మాటకు నాకు సగం బరువు దిగినట్టనిపించింది.

"ఎందుకు తాగుతున్నారని అడగను. అడిగితే మీరు మిమ్మల్నే తిట్టుకుంటారు. ఎప్పుడు తాగుతున్నారో చెప్పండి."

"రాత్రిళ్లు మేడమ్."

"రాత్రంటే ఎన్నింటికి? దానికి పది నిమిషాల ముందు ఏం చేస్తున్నారు?"

జవాబు నా దగ్గర లేదు. "రెండు వారాలు తాగినా, తాగకపోయినా ఫర్వాలేదు. మనసు లాగిన ప్రతిసారీ రాసుకురండి" అన్నారు.

మనకు అలవాటైన పనే కదా! ఫోన్‌లో నాలుగు గడులతో ఒక షీట్ తయారుచేశా. సమయం, చోటు, పది నిమిషాల ముందు ఏం జరిగింది, చివరికి ఏం చేశాను. పద్నాలుగు రోజుల్లో 23 ఎంట్రీలు వచ్చాయి. వాటిని వేరు చేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. 11 సార్లు మెయిలో, జాబ్ పోర్టలో తెరిచిన వెంటనే. 5 సార్లు సాయంత్రం నాలుగు ప్రాంతంలో, పొద్దున్నుంచీ సరిగా నీళ్లు తాగని రోజుల్లో. 4 సార్లు స్నేహితులతో బిర్యానీ దగ్గర. మిగతా మూడింటికి కారణం దొరకలేదు.

అప్పటిదాకా నాది బలహీనమైన మనసు అనుకునేవాడిని. షీట్ చూశాక తెలిసింది. రోజంతా నాకు కూల్‌డ్రింక్ గుర్తే రావట్లేదు. మూడే మూడు సందర్భాల్లో వస్తోంది. రోజు మొత్తాన్ని గెలవక్కర్లేదు. ఆ మూడు చోట్ల కాపలా పెడితే చాలు.

మూడు చోట్ల మూడు కాపలాలు

'ఇలా జరిగితే, ఇలా చేస్తా' అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు అనుకున్నది నిలబెట్టుకునే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి పరిశోధనలు చేశారు. మనకు అర్థమయ్యే భాషలో ఇఫ్-దెన్ కండిషన్. నేనూ మూడు రాసుకున్నా.

ఒకటి, మెయిల్. నోటిఫికేషన్లు ఆపేశాను. ఉదయం పదికి, సాయంత్రం ఐదుకు.. రోజుకు రెండుసార్లే చూడటం. రాత్రి పదకొండుకు తిరస్కరణ చదివి మనం చేయగలిగేది ఏముంది చెప్పండి? 'కాదు' అని వస్తే ఏ ప్రశ్న దగ్గర తడబడ్డానో రెండు లైన్లు నోట్‌బుక్‌లో రాయడం, వెంటనే పది నిమిషాలు నడవడం. ఫోన్ మాత్రం గదిలోనే. ఫోన్ లేకపోతే స్కాన్ చేసి కొనలేం కదా!

రెండు, దాహం. సర్జరీ తర్వాత గటగటా నీళ్లు తాగడం కుదరదు. తినేటప్పుడు, తిన్న అరగంట దాకా తాగకూడదన్న నియమం ఒకటి. అందుకే చాలామందికి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. నా నాలుగ్గంటల 'యావ'లో సగం ఉత్త దాహమే. బల్ల మీద స్టీలు సీసా పెట్టుకుని, పావుగంటకోసారి రెండు గుక్కలు తాగడం మొదలుపెట్టా. రోజు మొత్తంలో లీటరున్నర నుంచి రెండు లీటర్లు. వారం తిరిగేసరికి ఆ ఐదు ఎంట్రీలు ఒకటికి దిగాయి.

మూడు, స్నేహితులు. వెళ్లే ముందే గ్రూపులో చెప్పేసేవాడిని. 'నాకు డ్రింక్ ఆర్డర్ చేయొద్దు, తింటూ తాగకూడదు' అని. చెప్పనంతకాలం ప్రతిసారీ బల్ల దగ్గర వాదన జరిగేది. చెప్పాక ఒక్కరూ అడగలేదు.

ఇంతా చేసినా యావ వస్తుంది. వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా, అల వచ్చి పోయేదాకా చూస్తూ కూర్చోమంటారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలన్ మార్లాట్ వ్యసనాల నుంచి బయటపడేవారికి నేర్పిన పద్ధతి ఇది. కోరిక అలలా లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, మనం ఆజ్యం పోయకపోతే సాధారణంగా ఇరవై, ముప్పై నిమిషాల్లో దిగిపోతుంది. మన పెద్దల లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు. మా నాయనమ్మ ప్రతిదానికీ 'ఒక్క ఘడియ ఆగరా' అనేది. నేను ఫోన్‌లో 24 నిమిషాల టైమర్ పెట్టుకున్నా. పేరు 'ఘడియ'. టైమర్ మోగాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం అనేది ఒప్పందం. చాలాసార్లు మోగేటప్పటికి ఏదో పనిలో ఉండేవాడిని.

నాలుకకు కావాల్సింది ఆ చురుకు

నాకు నిజంగా గుర్తొచ్చేది తీపి కాదు. గొంతులో ఆ చిమచిమ. అసలది రుచి కాదట. కార్బన్ డయాక్సైడ్ నాలుక మీది తడిలో ఆమ్లంగా మారి, పులుపును పసిగట్టే కణాలనూ, మంటను పసిగట్టే నరాలనూ ఒకేసారి తాకుతుంది. ఈ మార్పుకు సాయపడే ఎంజైమును కొన్ని మందులు అడ్డుకుంటాయి. కొండలెక్కేటప్పుడు తల తిరగకుండా ఆ మందు వేసుకున్న పర్వతారోహకులకు సోడా చప్పగా అనిపిస్తుంది.

అంటే నాలుక అడుగుతున్నది కాస్త మంట, కాస్త పులుపు, బోలెడు చల్లదనం. ఇవి మన వంటింట్లోనే ఉన్నాయి కదా! పల్చటి మజ్జిగలో అల్లం దంచి వేసి, మిరియాల పొడి, కొంచెం ఉప్పు, నిమ్మచెక్క పిండి ఫ్రిజ్‌లో పెడితే గొంతు దగ్గర అదే చురుకు తగులుతుంది. జీలకర్ర మరిగించి చల్లార్చిన నీళ్లు, పుదీనా ఆకులు నలిపి వేసిన నిమ్మనీళ్లు కూడా పనికొచ్చాయి. పంచదార వేయకూడదు. స్ట్రా వాడకూడదు, గాలి కూడా లోపలికి పోతుంది. పులుపు పడక మంట పుట్టేవాళ్లు నిమ్మ జోలికి పోకుండా మజ్జిగతో సరిపెట్టుకోవాలి. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో మాత్రం అల్లం, మిరియాలు డాక్టర్‌ను అడిగాకే.

నాన్న కొట్లో ఫ్రిజ్

అద్దె మిగులుతుందని రెండు నెలలు తెనాలి వచ్చేశాను. అసలు పరీక్ష అక్కడుంది. మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్తే కొట్లో కూర్చునేది నేనే. అద్దాల ఫ్రిజ్ మూడడుగుల దూరం. నాన్నకు ఇంటికొచ్చిన కొడుక్కి ఏదో ఒకటి ఇవ్వాలని ఆరాటం. "ఏరా, ఎండకు వడిలిపోయావు, ఒక చల్లటిది తీసుకోకూడదూ?" అని రోజూ అనేవారు. వారం రోజులు 'వద్దులే నాన్నా' అని తప్పించుకున్నా. ఎనిమిదో రోజు కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. హైదరాబాద్‌లో రహస్యంగా తాగింది, ఐదు కిలోలు పెరిగింది, నువ్వు అలా అడిగిన ప్రతిసారీ నాకెంత కష్టంగా ఉంటుందన్నదీ.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "వ్యాపారం ఆపలేం కదరా" అన్నారు చివరికి. నిజమే, ఆపమని నేనూ అడగలేదు. మర్నాడు కొట్టుకెళ్లేసరికి ఫ్రిజ్ కింది అరలో సీసాలు పక్కకు జరిపి, ఒక స్టీలు క్యాను పెట్టి ఉంది. అమ్మ చేసిన మజ్జిగ. ఆ తర్వాత నాన్న నన్ను 'చల్లటిది తాగుతావా' అని అడగడం మానలేదు. కాకపోతే చేయి కింది అర వైపు వెళ్లేది.

పెళ్లిలో జారాను

అంతా సినిమాలా సాగిపోయిందనుకోకండి. పిన్ని కూతురి పెళ్లిలో ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. నిలబడి మొత్తం తాగేశాను. పాత నేనైతే 'పోయింది, ఇక సోమవారం నుంచి చూద్దాంలే' అని ఆ వారమంతా తాగేవాడిని. ఒక తప్పటడుగు వేయగానే 'నా వల్ల కాదు' అనుకుని మొత్తం వదిలేయడం మనుషుల్లో ఎంత మామూలో మార్లాటే రాశారు. ఎక్కువ నష్టం చేసేది ఆ గ్లాసు కాదు, దాని తర్వాత మనం చెప్పుకునే మాట.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిపా లాలీ బృందం కొత్త అలవాటు ఎన్నాళ్లకు కుదురుకుంటుందో పరిశీలించింది. సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు పట్టొచ్చని అంచనా. మనకు ధైర్యమిచ్చే సంగతేంటంటే, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటం పెద్దగా దెబ్బతినలేదు. పెళ్లి రోజు లాగ్‌లో నేను ఒకే ఒక్క లైను రాశా. 'మండపం. దాహంగా ఉన్నా. నీళ్ల సీసా తెచ్చుకోలేదు.' తర్వాతి పెళ్లికి తెచ్చుకున్నా.

ఏడో నెలలో ఉద్యోగం వచ్చింది. ఉదయం పదింటికి మెయిల్ తెరిస్తే ఆఫర్ లెటర్! పది గంటల ఐదు నిమిషాలకు గట్టిగా మనసు లాగింది, కూల్‌డ్రింక్ మీదకే. నవ్వొచ్చింది. ఓడినప్పుడే కాదు, గెలిచినప్పుడూ ఆ సీసానే గుర్తొచ్చేలా అమీర్‌పేటలో నాకు నేనే శిక్షణ ఇచ్చుకున్నాను మరి. షీట్‌లో రాసుకుని, 'ఘడియ' పెట్టుకుని, కొట్టుకెళ్లి నాన్నకు కబురు చెప్పా. కింది అరలోంచి మజ్జిగ తీసి ఇద్దరం తాగాం.

ఇప్పుడు 84 కిలోల దగ్గరున్నాను. యావ పోయిందా అంటే పోలేదు. వారానికి ఒకటో రెండో ఎంట్రీలు పడుతూనే ఉంటాయి. వస్తుందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలుసు. అది చాలు.

మీరు ఉద్యోగ వేటలో ఉన్నారు. మీది కూల్‌డ్రింక్ కాకపోవచ్చు. సిగరెట్, రీల్స్, అర్ధరాత్రి బిర్యానీ ఏదైనా కావచ్చు. ఈ ఏడాది అది ఏ క్షణానికి అంటుకుంటోందో ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగం వచ్చాక అదే పోతుందిలే అనుకుంటాం. రాదు, మనతోపాటే ఆఫీసుకొస్తుంది. ఆల్ ది బెస్ట్!

ఇవి గుర్తుంచుకోండి

* రెండు వారాలు లాగ్ రాయండి. మానడం తర్వాత సంగతి. సమయం, చోటు, పది నిమిషాల ముందు జరిగింది.. ఈ మూడూ ఉంటే చాలు.

* సీసా గదిలో ఉంచుకోవద్దు. మెట్లు దిగాల్సి వస్తే సగం సార్లు బద్ధకమే మనల్ని కాపాడుతుంది.

* ఒక్కసారిగా మానితే వచ్చే తలనొప్పికి భయపడొద్దు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు.

* సర్జరీ అయినవారు ముందు ప్రొటీన్, తర్వాతే మిగతావి తినాలి. సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ చెబుతారు. మీకెంతో మీ డైటీషియన్‌నే అడగండి. విటమిన్ మాత్రలు, రక్త పరీక్షలు మానొద్దు.

* కూల్‌డ్రింక్ బదులు మద్యం అనుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ తర్వాత మత్తు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. కొందరిలో అది వ్యసనంగా మారుతున్నట్టు పరిశోధనల్లో తేలింది.

* నీళ్లు కూడా దిగకపోవడం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపు నొప్పి ఉంటే చిట్కాలు వెతక్కండి. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

* జారితే రివ్యూ వాయిదా వేయొద్దు. నేను వాయిదా వేసిన రెండుసార్లూ బరువు పెరిగింది. నిజం చెప్పిన రోజు నుంచే తగ్గడం మొదలైంది.